వార్తల్లో పదం: ఎల్‌హెచ్‌ఎంఎస్

ఊరెళ్తూ పక్కింటివాళ్లతో ‘మా ఇంటి మీద ఓ కన్నేసి ఉంచండి’ అంటాం కదా, ఆ కన్నును పోలీసులకే అప్పగిస్తే ఎల్‌హెచ్‌ఎంఎస్. అంటే లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టమ్, తాళం వేసిన ఇంటిపై నిఘా. ఆంధ్రప్రదేశ్ పోలీసులు తెచ్చిన ఉచిత సేవ ఇది.

యాప్‌లో నమోదై, ప్రయాణం తేదీలు చెబితే పోలీసులు వచ్చి ఇంట్లో చిన్న కెమెరా బిగిస్తారు. దాని ముందు ఏదైనా కదిలితే కంట్రోల్ రూమ్‌కు హెచ్చరిక పోతుంది. అక్కడి నుంచి దగ్గర్లోని సిబ్బందికి కబురు. బల్లి లెన్సు మీద పాకినా, కిటికీలోంచి పిల్లి దూకినా కదలికే మరి! అందుకే కొత్త రకం కెమెరాల్లో మనిషి ఆకారాన్ని విడిగా పోల్చుకునే సాఫ్ట్‌వేర్ ఉంటోంది.

నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో, ఉదయగిరి, ఆత్మకూరు వైపు ఈ పదానికి బరువెక్కువ. బతుకుతెరువుకు బెంగళూరు, చెన్నై, హైదరాబాద్ పోయినవాళ్ల గడపలకు నెలల తరబడి తాళాలే. అయితే ఎల్‌హెచ్‌ఎంఎస్ నాలుగు రోజుల ప్రయాణాలకే సరిపోతుంది. ఏడాది పొడవునా మూసి ఉండే ఇంటికి సొంత కెమెరాయే దిక్కు. కరెంటు, వైఫై లేని చోట సోలార్ పలకతో, సిమ్ కార్డుతో నడిచేవీ దొరుకుతున్నాయి. పొలంలో మోటారు దగ్గరా పెట్టుకోవచ్చు.

నెలలపాటు ముట్టడించి 1514లో కృష్ణదేవరాయలు పట్టిన కోట నీడలో ఉన్న ఊరు ఉదయగిరి. అంతటి కోటకే ఓటమి తప్పలేదు, ఇక ఇంటి తాళమెంత! కెమెరా ఉంది కదా అని బంగారం బీరువాలో వదిలి వెళ్లకండి, బ్యాంకు లాకరులో పెట్టండి.