దేహశుద్ధి కాదు, ఒక్క ఫోన్: నేర నివారణలో మన పాత్రపై అపోహలు – వాస్తవాలు

‘దొంగకు దేహశుద్ధి’ అనే శీర్షిక పత్రికల్లో తరచూ కనిపిస్తుంది. ఏదో పుణ్యకార్యం జరిగినట్టు ధ్వనించే ఆ మాట నన్ను ఎప్పుడూ బాధపెడుతుంది. నేరాలు ఆపడంలో ప్రజలు పోలీసులకు తోడుండాలంటే చాలామందికి మొదట తట్టేది అదే.

అపోహ: దొరికినవాడికి నాలుగు తగిలిస్తే తప్పేముంది?

వాస్తవం: తప్పు మాత్రమే కాదు, నేరం కూడా. బెయిలు హక్కుగా దొరకని (నాన్‌బెయిలబుల్), వారెంటు లేకుండానే పోలీసులు అరెస్టు చేయగల (కాగ్నిజబుల్) నేరం కళ్లెదుట చేసినవాణ్ని పట్టుకునే అధికారం మామూలు మనిషికీ ఉంది. అయితే ఆలస్యం చేయకుండా, ఆరు గంటలు దాటకుండా పోలీసులకు అప్పగించాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 40వ సెక్షన్ చెబుతోంది. కొట్టే హక్కు మాత్రం ఎవరికీ లేదు, పోలీసులకు కూడా.

అపోహ: నిజమో కాదో తర్వాత సంగతి, ‘జాగ్రత్త’ అని వాట్సాప్‌లో పంపితే పోయేదేముంది?

వాస్తవం: ప్రాణాలు పోతాయి. 2018 వేసవిలో పార్థీ గ్యాంగులు, పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని తెలుగు జిల్లాలంతటా మెసేజ్‌లు పాకాయి. ఆ మే నెలలో హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను గుంపు కొట్టి చంపింది. పిల్లల దొంగ అన్న అనుమానమే కారణం.

అదే సమయంలో జోగులాంబ గద్వాల జిల్లాలో జరిగింది వేరు. అక్కడ ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి అప్పటికే ఊరికో పోలీసును కేటాయించారు. ఎండాకాలం రాత్రుళ్లు ఆరుబయట మంచాలు వేసుకునే జనం పొద్దు గూకగానే తలుపులు బిగించుకుంటున్నారని ఆ పోలీసులే ముందుగా గమనించారు. ఏమైందని అడిగితే జనం ఫోన్లు తీసి వీడియోలు చూపించారు. పోలీసులు ఊరూరా తిరిగారు. డప్పు కొట్టించి, జానపద కళాకారులతో పాడించి అవన్నీ అబద్ధాలని చెప్పారు. ఆ పుకార్లకు ఆ జిల్లాలో ఒక్క ప్రాణమూ బలికాలేదు. ఊరి అలవాట్లు ఎరిగిన పోలీసు, ఆ పోలీసును నమ్మిన ఊరు ఉండబట్టే ఇది సాధ్యమైంది. ప్రజలతో కలిసి చేసే పోలీసింగ్ అంటే నా దృష్టిలో ఇదే.

అపోహ: కెమెరాలున్నాయిగా, ఇక మనం చూసేదేముంది?

వాస్తవం: వంద మంది, అంతకు మించి చేరే చోట్ల కెమెరాలు ఉండాలని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లోనే చట్టం వచ్చింది. జరిగింది తేల్చడానికి కెమెరాలు ఎంతో పనికొస్తాయి. జరగకుండా ఆపడానికి మాత్రం మనిషి కన్ను కావాలి. ఒక సంక్రాంతికి మా వీధిలో ఒక కుటుంబం ఇంటికి తాళం వేసి ఊరెళ్లింది. వాకిట్లో పేపర్లు మూడు రోజులు అలాగే పడి ఉన్నాయి. గేటుకు తగిలించిన సంచిలో పాల ప్యాకెట్లు ఉబ్బిపోయాయి. వీధిలో అందరం చూశాం, తీసి పక్కన పెట్టినవాళ్లెవరూ లేరు. నాలుగో రాత్రి తాళం పగిలింది. స్తంభం మీది కెమెరాకు చెట్టుకొమ్మ అడ్డం. ఇంట్లో ఎవరూ లేరని దొంగకు చెప్పింది ఆ పేపర్లే. తాళం వేసిన ఇళ్లకు ఆంధ్రప్రదేశ్ పోలీసులు ఎల్‌హెచ్‌ఎంఎస్ అనే ఏర్పాటు తెచ్చారు. ముందుగా చెబితే ఇంట్లో కెమెరా పెడతారు, ఎవరైనా చొరబడితే కంట్రోల్ రూముకు తెలుస్తుంది. డబ్బు కట్టనక్కరలేదు.

అపోహ: పోలీసులకు చెబితే స్టేషన్ చుట్టూ మనల్నే తిప్పుతారు.

వాస్తవం: ఈ భయం ఊరికే పుట్టలేదు, కాదనను. కానీ చట్టం మన వైపే ఉంది. కాగ్నిజబుల్ నేరమని ఫిర్యాదులోనే తెలుస్తుంటే ఎఫ్‌ఐఆర్ కట్టితీరాలని 2013లో లలితాకుమారి కేసులో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. నేరం ఏ స్టేషన్ పరిధిలో జరిగినా, ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ నమోదు చేయించవచ్చు. కాపీ ఉచితం. సాక్ష్యం అడగాలంటే ఆడవాళ్లను, అరవై దాటినవారిని స్టేషన్‌కు పిలవకూడదు, పోలీసులే వాళ్ల ఇంటికి రావాలి. ఆపద వస్తే 112కు, ఆన్‌లైన్ మోసంలో డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

ఈసారి ఊరెళ్లేముందు ఎదురింటివాళ్లకు ఒక మాట చెప్పి వెళ్లండి. మీ వీధి బీట్ కానిస్టేబుల్ ఎవరో తెలియకపోతే, ఈ వారమే స్టేషన్‌కు వెళ్లి పేరు, నంబరు అడిగి రాసుకోండి.