కార్బైడు ఫిరంగి – కంటికి ముప్పు

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ప్రాంతముల నల్లరేగడి చేలలో శనగ, జొన్న పైరులును, పులివెందుల వైపున వేరుశనగ చేలును, అరటి, చీనీ తోటలును కలవు. అడవిపందుల వలనను పక్షుల వలనను కలుగు నష్టము రైతులకు క్రొత్త గాదు. మంచె, వడిసెల, తప్పెట మన పెద్దలు వాడిన సాధనములు. వీనికి బదులుగా ఇటీవల దేశమున పలుచోట్ల కార్బైడు ఫిరంగులను ఇంటనే చేసికొని, కాపలాకును వేడుకకును ప్రేల్చుచున్నారు. వానిని చేబట్టక మునుపు రైతు సోదరులు గ్రహింపవలసిన సంగతులు కొన్ని కలవు.

సున్నమును, బొగ్గును మిక్కిలి వేడిచే కలిపి చేసిన బూడిదవన్నె గడ్డయే కార్బైడు. నీరు సోకినంతనే దానినుండి అసిటిలీను అను వాయువు వెలువడి, సున్నము మిగులును. పూర్వము సైకిలు లాంతరులలో వెలిగినది ఈ వాయువే. వంటగ్యాసు గాలిలో నూటికి సుమారు 2 మొదలు 10 పాళ్లలోపు ఉన్నప్పుడే మండును. అసిటిలీనో, 2½ మొదలు 80 పాళ్ల వరకును మండును. కావున “కొంచెమే గదా” అను లెక్క యిచట చెల్లదు.

ప్రమాదము మూడు విధములు. మొదటిది, ఒక్కొక్కసారి ఫిరంగి వెంటనే ప్రేలదు. ఏమైనదోయని తొంగిచూచునంతలో ప్రేలి ముఖమును కాల్చును. రెండవది, ప్లాస్టిక్ గొట్టము నీటికొరకు చేసినదే గాని ప్రేలుడుకు ఓర్చునది గాదు. అది పగిలి తునకలు ఎగురును. మూడవది అన్నిటికంటె చెడ్డది: సున్నపు ముద్ద కంటబడి నల్లగ్రుడ్డును లోలోపలికి తినివేయును. 2025 దీపావళి దినములలో మధ్యప్రదేశములోని భోపాలు మొదలగు చోట్ల నూర్గురికి పైగా ఇట్లు గాయపడిరి. వారిలో పెక్కురు పిల్లలు. కొందరికి చూపే పోయినది.

ఇంత తెగించినను ఫలము స్వల్పము. ఒకే చోట ఒకే విధమున వినవచ్చు చప్పుడునకు పందులును పక్షులును కొలది దినములలోనే అలవాటుపడును. ప్రక్కప్రక్క చేలవారు వంతులువేసికొని మంచెలపై కాపుండుటయు, చప్పుడుచేయు చోటును వేళను మార్చుచుండుటయు మేలు.

పండ్లు మాగవేయుటకు కార్బైడు వాడరాదని 2011 నాటి ఆహార నిబంధనలు నిషేధించినవి. అందుకై తెచ్చినది ఇంట మిగిలియున్నచో పిల్లలకు అందనీయరాదు. తేమ తగిలిన డబ్బాలో వాయువు నిండియుండును గాన దానిచెంతకు దీపమును కొనిపోరాదు.

ఒకవేళ కంట బడినచో నులుమరాదు. పాలు, నూనె, ఆకుపసరు వేయరాదు. రెప్పలు విప్పి పట్టి, మంచినీటిని అరగంటకు తక్కువగాకుండ ధారగా పోసి, వెంటనే కంటివైద్యుని యొద్దకు గొనిపోవలయును. ఒడలిపై పడిన పొడిని మాత్రము మొదట పొడిగుడ్డతో దులిపి, పిదప విస్తారముగా నీరు పోయవలయును.

పోయిన పంటను మరుసటి కారున పండించుకొనవచ్చును. పోయిన చూపును ఏ కారును తెచ్చియీయదు. కావున సభ్యులెల్లరు ఈ సంగతిని తమ యిండ్లలోని పిల్లలకు చదివి వినిపింతురుగాక.