పాత అంబాసిడరుకు డిస్ట్రిబ్యూటరు మార్చే ముందు

ఉత్తరపారా కర్మాగారంలో అంబాసిడరు తయారీ 2014లో నిలిచిపోయింది. అయినను పెద్దలనాటి పెట్రోలు అంబాసిడరును అమ్ముకోలేక, పెళ్లికీ ఆసుపత్రికీ దానినే నమ్ముకొన్న కుటుంబాలు ఇంకా ఉన్నవి. అటువంటి కారు వర్షాకాలపు ఉదయం స్టార్టు కాకపోయినా, ఘాటు ఎక్కుతూ మిస్సింగు చేసినా, సైలెన్సరులో టపాకాయ వలె పేలినా, ‘డిస్ట్రిబ్యూటరు పోయింది, మొత్తం మార్చవలె’ అన్న తీర్పు త్వరగా వెలువడుతుంది. ఆ తీర్పు నిజమో కాదో యజమాని తానే తేల్చుకొనవచ్చును. ఈ వివరణ 1489 సి.సి. పాత పెట్రోలు ఇంజనుకు సంబంధించినది. డీజిలు అంబాసిడరుకు డిస్ట్రిబ్యూటరే ఉండదు గనుక, దానికి ఎవరైనా ఈ పేరు చెప్పి డబ్బు అడిగితే ఇచ్చుకోనక్కరలేదు.

డిస్ట్రిబ్యూటరుకు రెండు పనులు. బ్యాటరీ నుండి కాయిలుకు వచ్చే 12 వోల్టుల కరెంటును పాయింట్లు సరైన క్షణంలో తెంచుతవి. తెగిన క్షణంలో కాయిలులో వేల వోల్టులు పుట్టును. ఆ శక్తిని రోటరు, పంక్తిలో వడ్డించేవాని వలె, ఒక్కొక్క ప్లగ్గుకు అందించును. వడ్డన వరుస మాత్రం 1, 3, 4, 2. రేడియేటరు ప్రక్కనున్నది మొదటి సిలిండరు.

ఈ పనిలో ముందుగా చెడిపోయేవి చిన్న వస్తువులే. క్యాపు లోపల వెంట్రుకవంటి పగులుగాని, పెన్సిలు గీతవంటి నల్లని జాడగాని ఉంటే కరెంటు ఆ దారిన జారిపోవును; చెమ్మ పట్టిన ఉదయాలలో ఈ దోషం ఎక్కువగా బయటపడును. క్యాపు నడుమ ఉండే చిన్న కార్బను ముక్క అరిగిందేమో, దాని స్ప్రింగు పనిచేస్తున్నదో లేదో చూడవలె. పాయింట్లు త్వరత్వరగా కాలిపోతుంటే కండెన్సరును అనుమానించవలె. పాయింట్ల ఎడము 0.35 నుండి 0.40 మి.మీ. ఉండవలె. దానిని ఫీలరు గేజితో, పాయింట్లు పూర్తిగా తెరుచుకొన్న స్థితిలో కొలవవలె. వ్యాక్యూము గొట్టాన్ని నోటితో పీల్చినప్పుడు లోపలి పళ్లెం కదలకపోతే ఆ డబ్బాలోని పొర చిరిగినదని అర్థం.

ఇవన్నీ బాగుండియు, లేక మార్చిన తరువాతయు మిస్సింగు పోనప్పుడు అసలు పరీక్ష చేయవలె. రోటరు తీసి, షాఫ్టు కొసను వ్రేళ్లతో పట్టుకొని ప్రక్కలకు ఊపవలె. స్పష్టంగా ఊగితే లోపలి బుష్షు అరిగిపోయినది. అప్పుడు పాయింట్ల ఎడము ఒక్కొక్క సిలిండరుకు ఒక్కొక్క విధంగా మారును. ఎన్నిసార్లు సరిచేసినను నిలువదు. మొత్తం మార్చడానికి ఇదే న్యాయమైన కారణం. అంగడికి పాతదానిని వెంట తీసుకొనిపోయి, షాఫ్టు అడుగున ఉండే నాలుక పొడవు, ఆకారం సరిపోల్చి కొనడం మేలు.

విప్పే ముందు బ్యాటరీ వైరు తీయవలె. ప్లగ్గులు నాలుగూ విప్పి, మొదటి సిలిండరు రంధ్రంపై బొటనవ్రేలు ఉంచి, స్టార్టింగు హ్యాండిలుతో ఇంజనును మెల్లగా ముందుకు తిప్పవలె. గాలి వ్రేలిని నెట్టుచున్నదనగా ప్లగ్గు మండే ఘట్టం సమీపించినదన్నమాట. ముందు పుల్లీ మీది గాటు, కారు పుస్తకంలో చెప్పిన డిగ్రీల గుర్తు దగ్గర నిలుపవలె. రోటరు ఎటు చూస్తున్నదో సుద్దతో గుర్తు పెట్టిన తరువాతనే డిస్ట్రిబ్యూటరును బయటికి తీయవలె. అది బయట ఉండగా హ్యాండిలు తిప్పినా, గేరులో బండిని తోసినా ఆ గుర్తు చెల్లదు.

అంబాసిడరులో ఒక సౌకర్యమున్నది. షాఫ్టు నాలుక నడిమధ్యన కాక ఒక ప్రక్కకు జరిగి ఉండును; అందువలన ఒక్క స్థితిలోనే గాడిలో కూర్చుండును. పళ్లచక్రంతో తిరిగే కార్లలో ఒక్క పన్ను తప్పినా ఎంత తేడా వచ్చునో ఎరిగినవారికి దీని విలువ తెలియును. కూర్చొనకపోతే బలంగా నొక్కరాదు. రోటరును కొద్దిగా తిప్పుతూ వదలితే దానంతట అదే దిగును. ప్లగ్గు తీగలను పాత క్యాపు నుండి క్రొత్తదానికి ఒక్కొక్కటిగా మార్చవలె. అన్నీ ఒకేసారి పీకితే వరుస తప్పును.

క్రొత్త పాయింట్ల ఎడము సరిచూచుకొన్న తరువాత టైమింగు చూడవలె. బ్యాటరీ వైరు తగిలించి, ఒక 12 వోల్టుల బల్బు తీగను డిస్ట్రిబ్యూటరు సన్నని వైరు మొలకూ, రెండవదానిని ఇంజను ఇనుముకూ ఆనించి, తాళం త్రిప్పవలె. బిగింపు వదులు చేసి, రోటరు తిరిగే దిశలో డిస్ట్రిబ్యూటరును బల్బు ఆరే వరకు జరిపి, తిరిగి ఎదురు దిశకు మెల్లమెల్లగా త్రిప్పుతూ బల్బు వెలిగిన క్షణంలో ఆపి బిగించవలె. కాయిలు వేడెక్కును గనుక వెంటనే తాళం కట్టివేయవలె.

తరువాత ఎత్తుపై నడిపి చూచినప్పుడు ఇంజను గలగలమంటే టైమింగు ముందుకు పోయినట్లు. బరువుగా, నీరసంగా లాగితే వెనుకబడినట్లు. క్రొత్త పాయింట్ల మడమ మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో అరిగి ఎడము తగ్గును గనుక, దానిని మరొక్కసారి కొలిచి సరిచేయవలసి ఉండును.