కుస్తీ క్రీడాకారుల గాయాలు - వైద్యం

కుస్తీ లేదా మల్లయుద్ధంలో ప్రత్యర్థిని ఒడిసిపట్టి, ఎత్తి, వెల్లకిలా పడవేసి, అతని భుజాలను నేలకు ఆనించడం విజయానికి గుర్తు. ఇందులో పిడిగుద్దులు నిషిద్ధం. అయినప్పటికీ కీళ్ళు మెలిపడడం వలన, ఎత్తు నుండి పడడం వలన గాయాలు తరచుగా కలుగుతాయి.

జాతర కుస్తీలు

సంగారెడ్డి జిల్లా (2016 వరకు మెదక్ జిల్లా) లోని ఝరాసంగం కేతకీ సంగమేశ్వరస్వామి ఆలయం వలన ప్రసిద్ధి చెందింది. కర్ణాటక సరిహద్దున ఉన్న ఈ జహీరాబాదు ప్రాంతంలో జాతరల సందర్భంగా కుస్తీ పోటీలు జరపడం ఆనవాయితీ. సాధారణంగా ఇవి కొబ్బరికాయ పందెంతో మొదలై వెండి కడియం పందెంతో ముగుస్తాయి. పల్లె గోదాలో పహిల్వాను పడిపోయినపుడు మొదట చేయి వేసేది వైద్యుడు కాదు, ఉస్తాదు లేదా తోటి పహిల్వాను. ఆ తొలి నిమిషాలలో వారు చేసే పనిని బట్టే గాయం మానడమో, ముదరడమో జరుగుతుంది.

ముఖ్యమైన గాయాలు

మోకాలు: కాలు నేలపై నిలిచి ఉండగా శరీరం తిరిగితే లోపలి స్నాయువు తెగుతుంది. 2016 రియో ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్‌లో వినేశ్ ఫోగట్ మోకాలికి తీవ్ర గాయమై, ఆమెను స్ట్రెచర్‌పై తీసుకొని వెళ్ళారు. శస్త్రచికిత్స అనంతరం ఆమె 2018 ఆసియా క్రీడలలో స్వర్ణ పతకం సాధించింది.

భుజం: చాచిన చేతిపై పడినపుడు కీలు తొలగుతుంది.

చెవి: రాపిడి వలన చెవి మృదులాస్థికి, దానిపై పొరకు మధ్య రక్తం చేరుతుంది. కొద్ది రోజులలో వైద్యుని చేత దానిని తీయించి ఒత్తిడి కట్టు కట్టించాలి. లేనిచో చెవి గట్టిపడి ముడుచుకొని పోతుంది. దీనినే కాలీఫ్లవర్ చెవి అంటారు.

చర్మం: తామర, హెర్పిస్, చీము పొక్కులు ఒకరి నుండి మరొకరికి సోకుతాయి. అవి నయమయ్యే వరకు గోదాలో దిగరాదు. మట్టిలో అయిన గాయాన్ని సబ్బునీటితో కడిగి, అవసరమైతే ధనుర్వాతం సూది వేయించుకోవాలి.

మెడ, తల: ఇవి అరుదైనా అత్యంత ప్రమాదకరమైనవి.

ప్రథమ చికిత్స

మెడకు దెబ్బ తగిలిందన్న అనుమానం ఉన్నపుడు క్రీడాకారుని లేపి కూర్చోబెట్టడం, మెడ తిప్పి విరవడం చేయరాదు. తల కదలకుండా రెండు చేతులతో పట్టి ఉంచి, 108 వాహనాన్ని పిలవాలి. స్పృహ తప్పినవాడు వెంటనే కోలుకున్నా ఆ రోజు మరల పోటీకి దిగరాదు. బెణుకుకు విశ్రాంతి, గుడ్డలో చుట్టిన మంచు, మెత్తని కట్టు మేలు చేస్తాయి. తొలి రెండు రోజులు మర్దనా, కాపడం పనికిరావు.

కట్టు వైద్యం

తెలుగునాట ఎముకల కట్టుకు పుత్తూరు పేరు పొందింది. హైదరాబాదులో పహిల్వాన్లే పట్టీలు కట్టడం కూడా ఉంది. అయితే ఎక్స్‌రే తీయకుండా తొలగిన కీలును గుంజితే నరాలు, రక్తనాళాలు దెబ్బతినవచ్చును. కట్టు మరీ బిగుతైతే రక్తప్రసరణ ఆగిపోతుంది. నొప్పి పెరగడం, వేళ్ళు చల్లబడడం, తిమ్మిరెక్కడం, రంగు మారడం దీనికి గుర్తులు. వెంటనే కట్టు విప్పి ఆసుపత్రికి తరలించాలి. కొన్ని గంటల ఆలస్యం వలన కండరాలు చనిపోయి, అవయవాన్నే తొలగించవలసి రావచ్చును.

ఇవి కూడా చూడండి

కుస్తీ
ఝరాసంగం
ప్రథమ చికిత్స