కిలియన్: పలికే తీరు, లెక్కలో చోటు

‘ఓపెన్‌హైమర్’ కథానాయకుడికి 2024 మార్చిలో ఆస్కార్ వచ్చినప్పుడు ఆయన్ని కొందరు సిలియన్ మర్ఫీ అన్నారు, కొందరు కిలియన్ అన్నారు. కిలియన్ అన్నదే సరైనది. మొదటి అక్షరాన్ని కాస్త ఒత్తి పలకాలి. ‘ల’కు ద్విత్వం అక్కర్లేదు.

ఇంగ్లిష్‌లో ‘సి’తో మొదలయ్యే పేరుకు ‘క’ శబ్దం ఎలా వచ్చిందన్న సందేహం న్యాయమైనదే. అది ఐరిష్ పేరు. ఐరిష్ సంప్రదాయ వర్ణమాలలో ఉన్నవి 18 అక్షరాలే, వాటిలో ‘కె’ లేదు. ఆ పని అంతా ‘సి’దే. పక్కన ఏ అచ్చు ఉన్నా అది ‘స’గా మారదు. కీరాన్ అనే ఐరిష్ పేరునూ ‘సి’తోనే రాస్తారు.

ఈ పేరు సినిమాతో పుట్టిందీ కాదు. ఏడో శతాబ్దంలో ఐర్లండ్ నుంచి జర్మనీ వెళ్లి వుర్జ్‌బర్గ్‌లో హతుడైన క్రైస్తవ మతప్రచారకుడు సెయింట్ కిలియన్. జర్మన్లు ఆయన పేరును ‘కె’తో రాసుకున్నారు. అదే పేరు ఫ్రాన్స్‌లో ఇంకో రూపం తొడుక్కుంది: ఫుట్‌బాల్ ఆటగాడు కిలియన్ ఎంబాపె పేరు అదే. ఆయన ఆట చూసేవాళ్లు ఈ పేరును ఎప్పుడో సరిగ్గా పలికేశారు.

మరి ఇది అరుదైన పేరేనా? ఎక్కడ లెక్కపెడుతున్నామన్నదాన్ని బట్టి ఉంటుంది. ఐర్లండ్‌లో ఏటా పుట్టే పిల్లలు సుమారు 55 వేలు, అందులో మగపిల్లలు 28 వేలు. 280 మందికి పెట్టిన పేరంటే అక్కడ నూటికి ఒకటి. అంత చిన్న దేశంలో కిలియన్ ఇటీవలి ఏళ్లలో మొదటి ఇరవై పేర్లలో ఉంటోంది. అమెరికాలో మాత్రం 2023 వరకు ‘సి’ రూపం మొదటి వందలోకి రాలేదు.

అయితే ర్యాంకు ఒక్కటే చూసి అంచనా వేయకూడదు. 1880లో అమెరికాలో అగ్రస్థానం జాన్‌ది: 9,655 మంది, అంటే 12 మంది మగపిల్లల్లో ఒకరు. ఇప్పుడు అగ్రస్థానంలో ఉన్న లియామ్ ఏటా సుమారు 20 వేల మందికి పెడుతున్న పేరు. పుట్టే మగపిల్లలు 18 లక్షలు కాబట్టి అది 90 మందిలో ఒకరికి. ముప్పై మంది మగపిల్లలున్న తరగతిలో అప్పుడు ఇద్దరు ముగ్గురు జాన్‌లు కూర్చునేవారు. ఇప్పుడు అలాంటి మూడు తరగతులు తిరిగితే ఒక లియామ్ దొరుకుతాడు. మొదటి స్థానమే ఇంత పలచబడ్డాక, వందలోపు లేని పేరును వింతగా చూడాల్సిన పనిలేదని నా నమ్మకం.

లెక్కలో ఇంకో మెలిక ఉంది. అమెరికాలో ఏటా పిల్లల పేర్ల జాబితా ప్రచురించేది సోషల్ సెక్యూరిటీ విభాగం, అంటే అక్కడి పింఛన్ల వ్యవస్థను నడిపే ప్రభుత్వ శాఖ. అది ప్రతి స్పెల్లింగ్‌నూ వేరే పేరుగా లెక్కిస్తుంది. ఏడాదిలో అయిదుగురికైనా పెట్టని పేరును గోప్యత కోసం బయటపెట్టదు. అందువల్ల ‘సి’ కిలియన్, ‘కె’తో ఒక్క ‘ఎల్’ కిలియన్, ‘కె’తో రెండు ‘ఎల్’ల కిలియన్ మూడు వరుసల్లో విడివిడిగా కనిపిస్తారు. బడిలో హాజరు పిలిస్తే ముగ్గురూ పలుకుతారు.

అక్కడి తెలుగు తల్లిదండ్రులకు ఇది నేరుగా పనికొచ్చే సంగతి. కార్తీక్‌ను ‘హెచ్’ చేర్చి ఒకరు, చేర్చకుండా ఒకరు, చివర ‘సి’ కలిపి మరొకరు రాస్తారు. జాబితాలో మీరు అనుకున్న స్పెల్లింగ్ అట్టడుగున కనిపించినా, మిగతా రూపాల సంఖ్యలనూ వెతికి కూడుకోండి. మీ అబ్బాయి పేరు ఎంతమందికుందో ఆ మొత్తమే చెబుతుంది.