లంకకు ఒంటరిగా: అనకాపల్లిలో వినిపించే మాటలు, అసలు సంగతులు

“ఒక్కడివే వెళ్తావా? తోడు ఎవరూ దొరకలేదేటి?” అనకాపల్లిలో ఎవరైనా వారం రోజులు శ్రీలంక చూసొస్తానంటే ముందుగా ఎదురయ్యే ప్రశ్న ఇది. వెనకాలే సలహాలు మొదలవుతాయి. వానల్లో వద్దని ఒకరు, మలేరియా మాత్రలు మింగమని ఇంకొకరు, జేబులో ఫోనుంటే చాలని మరొకరు. చెప్పేవాళ్ళలో చాలామంది దేశం దాటి ఉండరు. మన ఊళ్ళలో చూసినదాన్నే తెలియని దేశానికి అంటగడతారు. పక్క దేశమే కాబట్టి అది చెల్లుతుందనిపిస్తుంది. చాలాసార్లు చెల్లదు.

“జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు, వెళ్తే గదిలో కూర్చోవాలి”

ఇది మన నైరుతి లెక్క. లంకను రెండు రుతుపవనాలు తడుపుతాయి గానీ, రెండూ దీవి మొత్తం మీద ఒక్కసారే కురవవు. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలి కొలంబో, మిరిస్స వైపు తీరాలనూ నడిమి కొండల పడమటి వాలునూ ముంచెత్తుతుంది. కొండలు దాటేసరికి ఆ గాలిలో తడి అయిపోతుంది. అందుకే అదే జులైలో తూర్పు తీరాన త్రికోణమలై ఎండ కాస్తుంటుంది. అరుగం బేలో అలల మీద పలకలేసుకుని ఆడేవాళ్ళ సందడి కూడా అప్పుడే. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈశాన్య గాలి. అప్పుడు వ్యవహారం తిరగబడుతుంది: తూర్పు, ఉత్తరం తడుస్తాయి, దక్షిణ, పడమటి తీరాలు తెరిపిన పడతాయి.

నిజంగా అనుమానించాల్సినవి అక్టోబరు, నవంబరు. అప్పుడు ఏ మూలైనా వాన పడొచ్చు. మన తీరం తుఫాన్ల కోసం బిక్కుబిక్కుమంటూ చూసే నెలలే వాళ్ళకూ గండం. 2025 నవంబరు చివర్లో దిత్వా తుఫాను కొండ జిల్లాలను కుదిపేసింది. వందలమంది చనిపోయారు, కొండల్లోకి వెళ్ళే రైలు మార్గం బాగా దెబ్బతింది.

కాబట్టి “ఏ నెలలో వెళ్ళాలి?” అన్న ప్రశ్న సగమే. ఉద్యోగస్తుడికి సెలవు దొరికిన నెలే నెల. ఆ నెలలో దీవికి ఏ వైపు ఆరి ఉంటుందో చూసుకుని అటు టికెట్టు కొనుక్కోవాలి. వారం రోజుల ప్రయాణంలో దీన్ని మించిన నిర్ణయం నాకైతే కనపడదు. గదులు, రైళ్ళు, బట్టలు అన్నీ దీని తరవాతే.

“సముద్రం పక్కోళ్ళం, మాకేటి భయం?”

2022 జులైలో పూడిమడక దగ్గర సముద్ర స్నానానికి దిగిన ఇంజినీరింగ్ విద్యార్థులు కొట్టుకుపోయారు. ఆ వార్త మరిచిపోయినవాళ్ళే ఈ మాట అనగలరు. నైరుతి నెలల్లో లంక పడమటి, దక్షిణ తీరాల్లోనూ నీరు మనిషిని లోపలికి లాగేస్తుంది. సీజను కాదు కాబట్టి గదులు చవగ్గా దొరికేదీ, బీచి ఖాళీగా ఉండేదీ అప్పుడే. ఖాళీ బీచి అందంగానే ఉంటుంది, కానీ కేక వేస్తే వినేవాడు ఉండడు. ఒంటరిగా ఉన్నప్పుడు ఒడ్డున కాపలా లేనిచోట నీళ్ళలోకి దిగకపోవడమే మేలు. ప్రవాహంలో చిక్కితే ఒడ్డుకేసి ఎదురీదకూడదు. ఒడ్డు వెంబడి పక్కకు ఈది, లాగుడు తగ్గాక బయటికి రావాలి.

“చిన్న దీవి, నాలుగు రోజుల్లో చుట్టేయొచ్చు”

వైశాల్యం 65,610 చదరపు కిలోమీటర్లు. ఇప్పటి ఆంధ్రప్రదేశ్‌లో సగం కూడా కాదు. పటం మీద చూస్తే అన్నీ పక్కపక్కనే ఉన్నట్టుంటాయి. కానీ కొలంబో నుంచి క్యాండీకి ఉన్న 115 కిలోమీటర్లకే రోడ్డు మీద మూడు గంటలు పట్టొచ్చు. దిత్వాకు ముందు క్యాండీ నుంచి ఎల్లాకు రైల్లో ఆరేడు గంటలు పట్టేది. విశాఖ నుంచి అరకు రైలెక్కినవాళ్ళకు కొండ దారిలో కిలోమీటర్ల లెక్క పనికిరాదని చెప్పనక్కర్లేదు.

ప్యాకేజీల వాళ్ళు సిగిరియ, క్యాండీ, నువర ఎలియ, ఎల్లా, యాల అడవి, గాలే కోట అన్నీ ఐదు రోజుల్లో కుక్కేస్తారు. అందులో మనం ఎక్కువగా చూసేది వ్యాను కిటికీనే. వారానికి మూడు మజిలీలు చాలు. కొండ రైలు మీద ఆశ పెట్టుకుంటే ఏ ముక్కలో నడుస్తోందో ముందుగా వాకబు చేసుకోవాలి. రిజర్వేషన్ సీట్లు త్వరగా అయిపోతాయి. ఇంకో సంగతి: విమానం “కొలంబో”లో దిగుతుందంటారు గానీ, విమానాశ్రయం ఉన్నది ముప్ఫై కిలోమీటర్లు పైగా ఉత్తరాన కటునాయకలో. నెగొంబో దానికి దగ్గర. అర్ధరాత్రి దిగేవాళ్ళు మొదటి రాత్రి గది అక్కడ తీసుకుంటే ఒంటరి బేరాలు తప్పుతాయి.

వేడి దేశం కాబట్టి పలచటి బట్టలు చాలన్నది ఇంకో నమ్మకం. నువర ఎలియ సముద్ర మట్టానికి 1,868 మీటర్ల ఎత్తున ఉంది, చలికాలపు రాత్రుళ్ళు వణికిస్తాయి. నర్సీపట్నం మీదుగా లంబసింగికి పోతే స్వెట్టరు మరవని మనిషి, అంతకన్నా ఎత్తయిన ఊరికి టీషర్టుతో బయల్దేరతాడు. బౌద్ధాలయాల్లో భుజాలు, మోకాళ్ళు కప్పుకోవాలి. బుద్ధుడికి వీపు పెట్టి ఫొటో దిగకూడదు. మన బౌద్ధ క్షేత్రం బొజ్జన్నకొండ మీద దిగే సెల్ఫీలు అక్కడ కుదరవు. చేతి మీద బుద్ధుడి పచ్చబొట్టు ఉందని 2014లో ఒక బ్రిటిష్ పర్యాటకురాలిని వెనక్కి పంపేశారు.

“మలేరియా మాత్రలు మరవకు”

2016 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ శ్రీలంకను మలేరియా లేని దేశంగా ప్రకటించింది. భయపడాల్సింది నిజానికి వాళ్ళు, మన మన్యం నుంచి వచ్చేవాళ్ళను చూసి! డెంగీ మాత్రం ఉంది. దాన్ని మోసేది పగటి దోమ, కాబట్టి పొడుగు చేతుల చొక్కా, ఒంటికి రాసుకునే దోమల మందు పగలే కావాలి.

“వీసా అక్కర్లేదు, ఫోన్‌పే పనిచేస్తుంది”

రెండూ సగం నిజాలు. 2023 నవంబరులో భారతీయులకు వీసా రుసుము ఎత్తేసినప్పుడు కూడా ముందస్తు ప్రయాణ అనుమతి, అంటే ఈటీఏ, తీసుకోవాల్సే వచ్చింది. రుసుము లేదంటే అనుమతి అక్కర్లేదని కాదు. ఈ నిబంధనలు తరచూ మారుతుంటాయి. టికెట్టు కొనే ముందు లంక ప్రభుత్వ సైటులోనే చూడాలి, దాని చిరునామా చివర ‘గవ్ డాట్ ఎల్‌కే’ అని ఉంటుంది. అచ్చం అలాగే కనిపిస్తూ అదనంగా డబ్బు గుంజే సైట్లు వెతుకులాటలో ముందు తగులుతాయి.

యూపీఐ లంకలో 2024 ఫిబ్రవరి 12న మొదలైంది. అయితే యాప్‌లో అంతర్జాతీయ చెల్లింపు ముందే తెరిచి ఉంచుకోవాలి, దుకాణంలో దానికి తగ్గ క్యూఆర్ ఉండాలి. ఊరి బస్సు కండక్టరుకూ, రోడ్డు పక్కన కొబ్బరిబోండాలమ్మేవాడికీ రొక్కమే. మన నోట్లు మనిషికి 25,000 రూపాయల దాకే దేశం దాటించొచ్చు. మన రూపాయికి వాళ్ళవి మూడు పైగా వస్తాయని పొంగిపోనక్కర్లేదు, ధరలూ ఆ లెక్కలోనే ఉంటాయి. సిగిరియ లాంటి చోట్ల సార్క్ దేశాల వాళ్ళకు విదేశీయుల కన్నా తక్కువ టికెట్టు. పాస్‌పోర్టు చూపించి అడగాలి, అడక్కపోతే పూర్తి ధరే.

శాకాహారులకు భయం లేదు, అన్నం, పప్పు, కొబ్బరి దేశమంతా దొరుకుతాయి. కానీ కొబ్బరి సంబల్‌లో ఉంబలకడ అనే ఎండుచేప పొడి కలుపుతారు. చూస్తే తెలీదు.

ఇక భాష. అక్కడ తెలుగు వినపడదంటారు. కానీ పాములాడించే అహికుంటక జాతి వాళ్ళు ఇప్పటికీ ఇళ్ళలో మాట్లాడుకునేది ఒక రకం తెలుగే. 1739 నుంచి 1815 దాకా క్యాండీని ఏలిన నాయక్కర్ రాజులు మదురై వైపు తెలుగు వంశాలవాళ్ళు. చివరివాడు శ్రీ విక్రమ రాజసింహ ఇంగ్లిషువాళ్ళకు చిక్కి వేలూరులో 1832లో చనిపోయాడు.

“ఒంటరిగా ఉంటే ఏదైనా జరిగితే?”

ఈ ప్రశ్నను మాత్రం తోసిపుచ్చలేం. నిండు బస్సుల్లో ఆడవాళ్ళను తాకడాలు, వెంటపడి మాట కలపడాలు లంకలోనూ ఉన్నాయి. ముందు సీటు, చీకటి పడకముందే గది, త్రీవీలర్‌కు బేరం బదులు పిక్‌మీ యాప్, ఇవి పనికొస్తాయి. ఖర్చు పంచుకునే తోడు లేదు కాబట్టి రోజంతా కారు మాట్లాడుకోవడం కన్నా రైలూ బస్సే నయం. ప్రయాణ బీమా చేయించుకుని, పాస్‌పోర్టు నకలు ఇంట్లో ఒకటి, ఫోనులో ఒకటి ఉంచుకోవాలి. భారత హైకమిషన్ కొలంబోలో ఉంది. క్యాండీ, యాళ్పాణం (జాఫ్నా), హంబన్‌తోటల్లోనూ మన కార్యాలయాలున్నాయి.

అంబులెన్సుకు 1990 కొట్టాలి. పేరు సువ సెరియ, పైసా తీసుకోరు. 2016లో భారత ప్రభుత్వ గ్రాంటుతో దాన్ని మొదలుపెట్టి నడిపింది ఎవరో కాదు, మన 108ని నడిపిన జీవీకే ఈఎంఆర్‌ఐ వాళ్ళే.