తొందర సరకు – దానిని మోయు లారీ

సరకులు రెండు విధములు. కొన్ని ఆలస్యమును ఓర్చుకొనును, కొన్ని ఓర్చుకొనజాలవు. సిరుగుప్పలో ఆడించిన బియ్యము వారము దినములు దారిలో నున్నను బియ్యముగానే యుండును. సండూరు కొండలలో త్రవ్విన ఇనుపరాయి ఏడాది గడచినను చెడదు. కాని చెరకు, చేప, టమోటా, పాలు మున్నగునవి గడియారమును చూచుచు ప్రయాణము చేయు సరకులు. ఇట్టి తొందర సరకును మోయువారి జీవనమును గురించియు, తమ లారీని వారు కాపాడుకొను తీరును గురించియు ఈ వ్యాసమున తెలుపబూనితిని. మన పాఠశాల పిల్లలలో కొందరి తండ్రులు, మేనమామలు, అన్నలు ఈ వృత్తిలో నున్నవారే. అయినను వారు ఇల్లు విడిచిన పిదప ఏమి చేయుదురో ఇంటివారికి తెలియునది స్వల్పము.

మొదట మన ఊరి సంగతియే చూతము. దేశనూరున చక్కెర మిల్లు కట్టబడిన నాటినుండి తొందర సరకు అనగానేమో ఈ ప్రాంతపు రైతులకు బోధపడినది. చెరకు గడను కోసిన క్షణమునుండియే అందలి నీరు ఆవిరియై తూకము తగ్గుట మొదలగును. అంతేకాదు, రసములోని చక్కెర విరిగి గ్లూకోజు, ఫ్రక్టోజు అను వేరు చక్కెరలుగా మారును. ఇవి పలుకు గట్టవు, మిల్లునకు పనికిరావు. కావున కోసిన చెరకును ఒక దినము లోపల గానుగ కెక్కించుట ఉత్తమము. ఎండకాలమున నష్టము మరింత త్వరితము. మిల్లు గేటు ముందర వరుసగా నిలిచిన లారీలను చూచినవారికి అది వట్టి రద్దీగా తోచవచ్చును. రైతుకు మాత్రము అచట నిలిచిన ప్రతి గంటయు తూకపు చీటిలో కనబడును.

ఇంతకంటె కఠినమైనది చేపల లారీ. ఆంధ్రప్రదేశమున భీమవరము, ఆకివీడు, కైకలూరు ప్రాంతముల చెరువులలో పెరిగిన బొచ్చె, శీలావతి చేపలు హౌరాకును, అచటినుండి అస్సామునకును పోవుచున్నవి. పట్టిన చేపను పొడిమంచుతో పొరలు పొరలుగా పేర్చి, పెట్టెల కెత్తి, లారీ నింపుదురు. మంచు ఎంతసేపు నిలుచునో అదియే ఆ లారీకి గడువు. భీమవరమునుండి హౌరాకు పదునొకండు వందల కిలోమీటర్లకు పైబడిన దూరము. ఇప్పుడొక లెక్క చేయుదము. బరువుతో నున్న లారీ, ఊళ్ళును టోలు గేట్లును దాటుచు, గంటకు సగటున 40 కిలోమీటర్లు పోవుననుకొనుడు. డ్రైవరు దినమునకు 8 గంటలు మాత్రమే నడపినచో 320 కిలోమీటర్లు సాగును. హౌరా చేరుటకు దాదాపు మూడున్నర దినములు పట్టును. అంతవరకు మంచు నిలువదు. ఇద్దరు డ్రైవర్లు వంతులవారీగా నడపినచో దినమునకు 640 కిలోమీటర్లు సాగును, రెండు దినముల లోపల లారీ గమ్యము చేరును. చేపల లారీలో రెండవ డ్రైవరు ఉండుట ఆడంబరము కాదనియు, అది లెక్క ప్రకారము తప్పనిసరియనియు దీనివలన తేలుచున్నది. రెండవ డ్రైవరు జీతమును మిగుల్చుకొనదలచిన యజమాని ఆ మిగులును మొదటి డ్రైవరు నిద్రనుండి తీసికొనుచున్నాడు.

ఎనిమిది గంటల లెక్క నేను కల్పించినది కాదు. 1961లో వచ్చిన మోటారు రవాణా కార్మికుల చట్టము దినమునకు 8 గంటలు, వారమునకు 48 గంటలు పనియని నియమించినది. వరుసగా 5 గంటలు పనిచేసిన పిదప కనీసము అర్ధగంట విశ్రాంతి ఈయవలెననియు చెప్పినది. 2025 నవంబరులో పాత కార్మిక చట్టముల స్థానమున నూతన సంహితలు అమలులోనికి వచ్చినను దినమునకు 8 గంటలు అను లెక్క మారలేదు. అయినను ట్రిప్పునకు ఇంతయని కూలి ముట్టు వృత్తిలో గంటలను ఎవరు లెక్కింతురు? ఎన్ని ట్రిప్పులు తిరిగిన అన్ని రూపాయలు. ఒక్క లారీయో, రెండు లారీలో గల చిన్న యజమాని తానే డ్రైవరై కూర్చున్నప్పుడు తన్ను తానే నిద్రమాన్పించుకొనును.

ఈ తొందరకు ప్రభుత్వపు కాగితములు కారణమని కొందరనుకొందురు. ఒకప్పుడు అందు కొంత నిజము కలదు. 1953 అక్టోబరు 1 నాడు ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినప్పుడు బళ్ళారి జిల్లా చీలిపోయి, ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు అటు నిలిచినవి. బళ్ళారి, సిరుగుప్ప మున్నగునవి ఇటు చేరినవి. నాటినుండి ఆదోనికి పోవు బండి కూడ రాష్ట్రము దాటు బండియైనది. తనిఖీ కేంద్రముల యొద్ద లారీలు బారులు తీరి నిలుచుటయు, అచట పోయిన కాలమును దారిలో వేగముచే పూడ్చుకొనుటయు ఆ కాలపు అలవాట్లు. 2017 జులై 1 నాడు జి.ఎస్.టి. వచ్చిన పిదప సరిహద్దులలోని అమ్మకపు పన్ను తనిఖీ కేంద్రములు తొలగినవి. పన్ను గల సరకు రాష్ట్రము దాటుటకు 2018 ఏప్రిలు 1 నుండి ఈ-వే బిల్లు కావలసివచ్చినది. ఈ బిల్లునకు 2021 జనవరి 1 నుండి 200 కిలోమీటర్లకు ఒక దినము చొప్పున గడువు నిచ్చుచున్నారు. బళ్ళారిలో కుట్టిన జీన్సు వస్త్రములను 600 కిలోమీటర్ల దూరము పంపినచో మూడు దినముల గడువు లభించును. పచ్చి చేపకును కూరగాయలకును ఆ బిల్లే అక్కరలేదు. కావున నేటి తొందర కాగితముది కాదు. ఉదయపు బజారునకు అందిన టమోటాకు ఒక ధర, మధ్యాహ్నము చేరిన టమోటాకు వేరొక ధర. తొందర అంగడిది.

ఇక లారీ సంగతి. మనిషి అలసినచో ఆవులించును. యంత్రము అలసినచో అనుభవజ్ఞునికి మాత్రమే తెలియు గురుతులు చూపును. మంచి డ్రైవరు తెల్లవారగనే తాళము త్రిప్పడు, మొదట బండి చుట్టును తిరుగును. చేత ఇనుపకడ్డీ పట్టుకొని ఒక్కొక్క టైరును కొట్టి చూచును. గాలి నిండిన టైరు ఖంగుమనును, గాలి తగ్గినది బొద్దుగా పలుకును. వెనుక ఇరుసులకు జంట టైర్లుండును గనుక లోపలి టైరు కంటికి సరిగా ఆనదు, చెవి కానును. జంటలో ఒకదానికి గాలి తగ్గినచో దాని భారము రెండవదానిపై బడును. గాలి తగ్గినది వంగి లేచుచు లోలోపల కాగిపోవును. మన బళ్ళారి ఎండలో, వేసవి మిట్టమధ్యాహ్నమున, పగులు టైర్లలో పెక్కింటి కథ ఇదియే. జంట టైర్ల నడుమ ఇరుకుకొన్న రాతిని తీసివేయుట కూడ ఈ ప్రదక్షిణములో భాగము. గాలిని ఉదయమున, టైరు చల్లగా నున్నప్పుడు కొలువవలెను. పరుగెత్తి వేడెక్కిన టైరులో ఒత్తిడి హెచ్చుగా కనబడుట సహజము. అది చూచి కొందరు గాలి తీసివేయుదురు. చల్లారిన పిదప ఆ టైరు గాలి చాలనిదగును. వేడికి వాయువు వ్యాకోచించునని తొమ్మిదవ తరగతి పిల్లలు చదివినదే ఇచట పనిచేయుచున్నది.

తరువాత బ్రేకులు. కారులో బ్రేకును నూనె నడపును, పెద్ద లారీలో గాలి నడపును. ఇంజనుచే తిరుగు కంప్రెసరు గాలిని నొక్కి తొట్లలో నింపును. డ్రైవరు కాలితో త్రొక్కినప్పుడు ఆ గాలి చక్రముల యొద్దకు పోయి, ఒక కడ్డీని త్రోసి, బ్రేకు చెప్పులను డ్రమ్ముకు అదుమును. నిలిపియుంచు బ్రేకు మాత్రము దీనికి విరుద్ధముగా పనిచేయును: బలమైన స్ప్రింగు చక్రమును పట్టియుంచగా, గాలి వచ్చి ఆ స్ప్రింగును వెనుకకు నొక్కి విడిపించును. అందుచేత గాలి పూర్తిగా కారిపోయినచో లారీ కదలనే కదలదు. గాలి లేనప్పుడు బండి పరుగెత్తుటకంటె నిలిచిపోవుట మేలని తలచి యంత్రనిర్మాతలు చేసిన ఏర్పాటు ఇది, ఎంతయు మెచ్చదగినది. గాలిలోని తేమ తొట్టి అడుగున నీరుగా చేరును. ఆ నీరు హెచ్చిన కొలది గాలికి చోటు తగ్గును, లోహమునకు త్రుప్పు పట్టును. తొట్టి అడుగునున్న మరను విప్పి నీటిని విడుచుట రెండు నిమిషముల పని. దానిని ప్రతిదినము చేయువారు అరుదు.

బ్రేకులకు అసలు పరీక్ష కనుమదారిలో నుండును. మనవైపునుండి గుంటూరునకు పోవు లారీలు నంద్యాల, గిద్దలూరుల నడుమ నల్లమలను దాటవలెను. దిగుడు దారిలో బ్రేకును ఎడతెగక త్రొక్కినచో రాపిడివలన డ్రమ్ము కాగి, లైనర్లు పట్టు విడుచును. అప్పుడెంత త్రొక్కినను ఫలముండదు. కావున ఏ గేరులో ఎక్కితిమో ఆ గేరులోనే దిగవలెనని పాతవారు చెప్పుదురు. ఇంజనే బండిని వెనుకకు లాగిపట్టును, బ్రేకు అప్పుడప్పుడు మాత్రమే కావలసియుండును. నాలుగు డబ్బుల డీజిలు మిగులునని న్యూట్రలులో జారుట ప్రాణముతో బేరమాడుటయే. పైగా బరువును చూడుడు. మూడు ఇరుసులు, పది చక్రములు గల లారీ సరకుతో కూడ 25 టన్నులు మించరాదని పూర్వపు నియమము. 2018 జులైలో దానిని 28.5 టన్నులకు పెంచిరి. హద్దు పెరిగినది గాని, పాత లారీల బ్రేకులును కమాను పట్టీలును మునుపటివే.

కొన్ని పనులు నూతనముగా వచ్చినవి. 2020 ఏప్రిలు 1 నుండి అమ్మబడిన బి.ఎస్.-6 లారీలలో పెక్కింటికి డీజిలు తొట్టితోపాటు మరియొక చిన్న తొట్టి కలదు. అందు పోయు ద్రవమున 32.5 శాతము యూరియా, తక్కినది శుద్ధజలము. అది పొగలోని నైట్రోజను ఆక్సైడులను హాని లేని నైట్రోజనుగను నీటియావిరిగను మార్చును. యూరియాయే కదా యని పొలములో చల్లు యూరియాను నీట కలిపి పోయువారు కలరు. అందలి మలినములు పొగగొట్టములోని ఖరీదైన భాగమును పాడుచేయును. అట్టి యుక్తికి అయ్యెడు మరమ్మతు ఖర్చు వారి ట్రిప్పుల ఆదాయమును మ్రింగివేయును.

డ్రైవరు ఇల్లు ఆ ముందుగది, అనగా క్యాబినే. సీటు వెనుకనున్న పలక మంచము, డబ్బాలో ఇంటినుండి తెచ్చిన జొన్నరొట్టెలు, పచ్చడి. మొదటి దినమునకు అవి సరిపోవును. తరువాత దారిప్రక్క డాబాలు. బళ్ళారి దాటువరకు ఉగ్గాణియు బజ్జీయు దొరకును, ఒడిశా చేరుసరికి నోటికి రుచి తెలియదందురు. స్నానము పెట్రోలు బంకు కుళాయి క్రింద. ఇంజను వేడియు ఎండవేడియు కలిసిన క్యాబినులో పగటి నిద్ర పట్టుట దుర్లభము. పగలు నిద్ర లేనివాడు రాత్రి ఎట్లు మేల్కొనును? 2025 అక్టోబరు 1 నుండి తయారగు పెద్ద లారీల క్యాబినులలో ఎ.సి. తప్పక యుండవలెనను నియమము వచ్చినది. అది సుఖము కొరకని ఎగతాళి చేసినవారు కలరు. నిద్ర కొరకని నేననుకొందును.

తెల్లవారుజామున 2 గంటలనుండి 5 గంటలవరకు మానవశరీరము నిద్రను బలముగా కోరును. అలసినవాని కన్ను ఆ సమయమున తెలియకయే నాలుగైదు క్షణములు మూతపడును. గంటకు 60 కిలోమీటర్ల వేగమున లారీ ఒక సెకనునకు దాదాపు 17 మీటర్లు పోవును. నాలుగు సెకనులలో 67 మీటర్లు. అంతదూరము బండి నడపువాడు లేకయే పోవునన్నమాట. తేనీరు దీనిని కొంతసేపు వాయిదా వేయగలదు గాని మాన్పలేదు. దారిప్రక్క సురక్షితమైన చోట బండి నిలిపి పడుకొనిన అరగంటయే మందు.

పిల్లలలో ఈ వృత్తిని కోరువారుండవచ్చును గనుక ఒక మాట. సరకుబండి నడుపుటకు 20 సంవత్సరములు నిండవలెను. అంతకుముందు కనీసము ఒక సంవత్సరము చిన్నబండి లైసెన్సు కలిగియుండవలెను. ఎనిమిదవ తరగతి చదివియుండవలెనను పాత నియమమును 2019లో తొలగించిరి. చదువు లేనివారికి ఉపాధి దొరకునని దానిని మెచ్చుకొనవచ్చును. కాని నేటి లారీలో దోషము కలిగినచో దీపముతోపాటు ఆంగ్లములో రెండు మాటలు వెలుగును. బీమా, పర్మిటు, ఫిట్‌నెసు, పొగపరీక్ష, వీనిలో ఏ కాగితపు గడువు ఏనాడు తీరునో చూచుకొనవలెను. ఎనిమిదేండ్లు దాటని లారీకి రెండేండ్ల కొకసారి, దాటినదానికి ఏటేట ఫిట్‌నెసు చేయించవలెను. మన సరిహద్దు డ్రైవరుకు ఇంటిలో తెలుగు, కచేరిలో కన్నడము, దారిలో హిందీ అలవడును. మూడు భాషలు మాటలాడువాడు ఒక్కదానిలోనైన ధారాళముగా చదువలేకపోవుట ఉపాధ్యాయునిగా నాకు కష్టము కలిగించు విషయము.

ఇంటివారు చేయదగిన పనులును కలవు. దారిలో నున్న డ్రైవరుకు ఇంటినుండి పలుమారులు ఫోను చేయరాదు. నిలిచిన వేళ తానే చేయునట్లు ఒక ఏర్పాటు చేసికొనవలెను. ట్రిప్పు ముగించి వచ్చినవానికి మొదటి దినము పెండ్లిపిలుపులు, అప్పుల లెక్కలు వినిపింపక, చీకటి గది యిచ్చి పడుకొననీయవలెను. ఏలయనగా తిరుగు లోడు ఎప్పుడు దొరకునో తెలియదు. బ్రోకరు కబురు రాగానే, అది అర్ధరాత్రియైనను, అతడు మరల బయలుదేరును. దానికి ముందు టైర్లను కొట్టి చూచుటకును, తొట్టిలోని నీరు విడుచుటకును పావుగంట యుండవలెను.